డబ్బాలా, ప్రశ్నార్థకాలా, పిచ్చి అక్షరాలా? తూర్పాసియా లిపులు సరిగా కనిపించాలంటే

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: ఒకే కంప్యూటర్‌లో జపనీస్, చైనీస్, కొరియన్ పేర్లు ఒక ప్రోగ్రామ్‌లో ఖాళీ డబ్బాలుగా, మరొకదానిలో వరుస ప్రశ్నార్థకాలుగా, స్ప్రెడ్‌షీట్‌లో అర్థంలేని లాటిన్ అక్షరాలుగా కనిపిస్తున్నాయి. ఏ ఫాంటు వేసుకుంటే అన్నీ ఒక్కసారిగా బాగుపడతాయి?

అలాంటి ఫాంటు లేదు. మీరు చెప్పినవి మూడు వేర్వేరు జబ్బులు. వాటిలో ఫాంటుతో నయమయ్యేది మొదటిది ఒక్కటే. పిచ్చి లాటిన్ అక్షరాలకు ఫైలును సరైన ఎన్‌కోడింగ్‌తో, అంటే ఏ సంఖ్య ఏ అక్షరమో చెప్పే సరైన పట్టికతో, తెరవాలి. ప్రశ్నార్థకాలకు అసలు కాపీ వెతుక్కోవాలి. అన్నిటికంటే ముందు ఒక మాట: ఏది ఏ రకమో తేలేదాకా ఆ ఫైళ్లలో దేన్నీ సేవ్ చేయకండి. తెరమీద తప్పుగా కనిపించినంత మాత్రాన ఫైలుకు ఏమీ కాదు. తప్పుగా కనిపిస్తున్నప్పుడు సేవ్ చేస్తేనే నష్టం, అది చాలాసార్లు శాశ్వతంగా ఉండిపోతుంది.

ఫైలులో అక్షరాలు ఉండవు, బైట్లు ఉంటాయి. ‘సూర్యుడు, రోజు’ అనే అర్థాలున్న చిన్న చైనీస్ అక్షరాన్ని తీసుకోండి. ప్రపంచ లిపులన్నిటి అక్షరాలకూ సంఖ్యలిచ్చే యూనికోడ్‌లో దాని సంఖ్య 26085. యూనికోడ్‌ను బైట్లుగా రాసే పద్ధతి యూటీఎఫ్-8లో అది 230, 151, 165 అనే మూడు బైట్లుగా నిల్వ ఉంటుంది. జపాన్‌లో పాత ప్రోగ్రామ్‌లు వాడే షిఫ్ట్-జిస్‌లో అదే అక్షరం 147, 250. చైనా ప్రధాన భూభాగంలో వాడిన జీబీకేలో 200, 213. తైవాన్, హాంకాంగ్‌లలో వాడిన బిగ్-5లో 164, 233. ఫైలు తెరిచే ప్రోగ్రామ్ ముందు ఏ పట్టిక ప్రకారం చదవాలో నిర్ణయించుకోవాలి, ఆ తరువాత వచ్చిన అక్షరానికి ఫాంటులో బొమ్మ వెతకాలి. పట్టిక తప్పితే పిచ్చి అక్షరాలు వస్తాయి. పట్టిక సరైనదే అయినా ఫాంటులో బొమ్మ లేకపోతే డబ్బా వస్తుంది. ఎవరో మధ్యలో, ఈ అక్షరం లేని పట్టికలోకి మార్చేసి ఉంటే ప్రశ్నార్థకం మిగులుతుంది.

డబ్బాల సంగతి తేలిక. ఆ డబ్బాలను కాపీ చేసి ఏదైనా బ్రౌజర్ చిరునామా పట్టీలో అతికించండి. అక్కడ సరైన అక్షరాలు కనిపిస్తే మీ డేటా క్షేమంగా ఉన్నట్టే. ఆ ప్రోగ్రామ్‌కే తగిన ఫాంటు అందడం లేదు. బ్రౌజర్లు తాము ఎంచుకున్న ఫాంటులో బొమ్మ దొరక్కపోతే మిగతా ఫాంటులన్నీ గాలించి తెస్తాయి. చాలా ప్రోగ్రామ్‌లు అంత శ్రమ పడవు. బ్రౌజర్‌లోనూ డబ్బాలే వస్తే కంప్యూటర్‌లోనే ఆ ఫాంటు లేదు.

విండోస్ 10, 11లలో యు గోథిక్, మైక్రోసాఫ్ట్ యాహే, మైక్రోసాఫ్ట్ జెంగ్‌హే, మాల్గన్ గోథిక్ ముందే ఉంటాయి. కానీ ఎంఎస్ మించో, సిమ్‌హే, బాతాంగ్ వంటి పాత ఫాంటులను విండోస్ 10 నుంచి ఐచ్ఛిక అంశాల్లోకి మార్చారు. పాత పత్రాలు, పాత ప్రోగ్రామ్‌లు అడిగేది చాలావరకు వీటినే. సెట్టింగ్స్‌లో ‘ఆప్షనల్ ఫీచర్స్’లోకి వెళ్లి జపనీస్, కొరియన్, చైనీస్ ‘సప్లిమెంటల్ ఫాంట్స్’ చేర్చుకోండి. ఇంటర్నెట్‌లో ఎక్కడెక్కడో దొరికే ఫాంటు ఫైళ్ల జోలికి పోవలసిన పని లేదు. లినక్స్‌లో డెబియన్, ఉబుంటు వాడేవారు ‘ఫాంట్స్-నోటో-సీజేకే’ ప్యాకేజీ పెట్టుకుంటే చాలు (సీజేకే అంటే చైనీస్, జపనీస్, కొరియన్). మ్యాక్‌లో హిరాగినో, పింగ్‌ఫాంగ్, యాపిల్ ఎస్‌డీ గోథిక్ నియో వ్యవస్థతోపాటే వస్తాయి కనుక అక్కడ డబ్బాలు కనిపించడం అరుదు.

‘అన్ని అక్షరాలూ ఉన్న ఒకే ఫాంటు’ ఎందుకు లేదో కూడా చెబుతాను, ఎందుకంటే దాని కోసం వెతుకుతూ చాలామంది సమయం పోగొట్టుకుంటారు. నేటి ఫాంటులు వాడే ఓపెన్‌టైప్ ఫార్మాట్‌లో ఒక ఫాంటులో గరిష్ఠంగా పట్టే బొమ్మలు 65,535. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1 నాటికే ఏకీకృత చైనీస్ అక్షరాలు 97 వేలు దాటాయి. గూగుల్, అడోబీ కలిసి 2014లో విడుదల చేసిన నోటో శాన్స్ సీజేకే, అడోబీ పేరులో సోర్స్ హాన్ శాన్స్, ఆ 65,535 హద్దునూ పూర్తిగా వాడుకుంది. నిత్య వాడుకకు అది ధారాళంగా సరిపోతుంది. అరుదైన ఇంటిపేర్లు, ప్రాచీన గ్రంథాల అక్షరాలు వచ్చినప్పుడు మాత్రం విండోస్‌లోని మింగ్‌లియు-ఎక్స్‌ట్‌బీ, సిమ్‌సన్-ఎక్స్‌ట్‌బీ వంటి విస్తరణ ఫాంటులు తోడు కావాలి.

ఫాంటు పెట్టాక కూడా డబ్బాలే వస్తుంటే రెండు విషయాలు చూడండి. ఈ ఫాంటులు చాలావరకు ‘టీటీసీ’ అనే సంకలన ఫైళ్లుగా వస్తాయి. కొన్ని ప్రోగ్రామ్‌లు వాటిని చదవలేవు, విడి ‘ఓటీఎఫ్’ ఫైలు ఇస్తే తీసుకుంటాయి. ఇక కొన్నిటికి ఫాంటు పేరు మనమే చెప్పాలి. పైథాన్‌లో గ్రాఫులు గీసే మ్యాట్‌ప్లాట్‌లిబ్ దీనికి మంచి ఉదాహరణ. దాని సొంత డెజావు శాన్స్ ఫాంటులో చైనీస్ అక్షరాలు లేవు, కాబట్టి గ్రాఫు నిండా డబ్బాలే. 2022లో వచ్చిన 3.6 వెర్షన్ నుంచి ‘ఫాంట్.ఫ్యామిలీ’లో ఒక జాబితా ఇవ్వవచ్చు. మొదటి ఫాంటులో లేనిది రెండోదానిలో వెతుకుతుంది. ఫాంటు జాబితాలో ‘ఎట్’ గుర్తుతో మొదలయ్యే పేర్లు కనిపిస్తే వాటిని ఎంచుకోకండి. అవి విండోస్‌లో నిలువు రాత కోసం పెట్టినవి. అడ్డంగా రాస్తే అక్షరాలన్నీ పక్కకు పడుకుని ఉంటాయి.

ఇప్పుడు అసలు చిక్కుముడి, పిచ్చి అక్షరాలు. అవి చూడగానే విసుగు పుడుతుంది కానీ, వాటిలోనే రోగనిర్ధారణ అంతా ఉంది. కాసేపు ఓపికగా చూస్తే ఫైలు ఏ భాషదో, ఏ ఎన్‌కోడింగ్‌లో ఉందో అవే చెబుతాయి.

యూటీఎఫ్-8లో చైనీస్ అక్షరాల మొదటి బైటు దాదాపు ఎప్పుడూ 228 నుంచి 233 మధ్యే ఉంటుంది. జపనీస్‌లో పలుకును రాసే రెండు లిపులు హిరగానా, కతకానాలకు 227. కొరియన్ లిపి హంగుల్‌కు 234 నుంచి 237. ఈ బైట్లను పశ్చిమ యూరప్ కోడ్‌పేజీ (విండోస్‌లో పట్టికకు పేరు) 1252తో చదివితే ప్రతి మూడు గుర్తుల్లో మొదటిదిగా తలమీద గీతలో చుక్కలో ఉన్న చిన్న లాటిన్ అక్షరం వస్తుంది. తలమీద అలగీత ఉన్న ‘ఎ’ అక్షరం పదేపదే కనబడుతుంటే అది యూటీఎఫ్-8లో ఉన్న జపనీస్. ‘ఎ, ఇ కలిసిన’ జంట అక్షరం, తోక ఉన్న ‘సి’, గీత ఉన్న ‘ఇ’ కలగలిసి వస్తే అది చైనీస్ కావచ్చు, లేదా జపనీస్ రాతలో వాడే చైనీస్ అక్షరాలు, అంటే కంజీ, కావచ్చు. తలమీద రెండు చుక్కల ‘ఇ’, గీత ఉన్న ‘ఐ’ ఎక్కువైతే కొరియన్.

షిఫ్ట్-జిస్ ఫైలైతే రూపమే వేరు. అందులో హిరగానా 130తో, కతకానా 131తో మొదలవుతాయి. 1252 పట్టికలో 130 అంటే కామాలా కింద ఉండే ఒంటి కొటేషన్ గుర్తు, 131 అంటే వాలుగా తోక చాచిన ‘ఎఫ్’. తెరనిండా కామాలు, తోక ఎఫ్‌లు చెల్లాచెదురుగా ఉంటే వెంటనే షిఫ్ట్-జిస్ ప్రయత్నించండి. జీబీకేలోని చైనీస్ అయితే తలమీద గుర్తులున్న పెద్ద లాటిన్ అక్షరాలు జంటలు జంటలుగా బారులు తీరుతాయి. పాత కొరియన్ ఎన్‌కోడింగ్ కూడా దాదాపు ఇలాగే ఉంటుంది, మధ్యమధ్య ‘ప్లస్-మైనస్’, ‘డిగ్రీ’ వంటి గుర్తులతో.

పట్టిక ఏదో ఊహించాక దాన్ని ఎలా వర్తింపజేస్తామన్నది ముఖ్యం. ప్రతి మంచి ఎడిటర్‌లోనూ రెండు వేర్వేరు పనులు ఉంటాయి: ఉన్న బైట్లను ఇంకొక పట్టికతో మళ్లీ చదవడం, ప్రస్తుతం కనిపిస్తున్న అక్షరాలను ఇంకొక పట్టికలోకి మార్చి రాయడం. విజువల్ స్టూడియో కోడ్‌లో మొదటిది ‘రీఓపెన్ విత్ ఎన్‌కోడింగ్’, రెండోది ‘సేవ్ విత్ ఎన్‌కోడింగ్’. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌లో ‘క్యారెక్టర్ సెట్స్’ కింద భాషను ఎంచుకోవడం మొదటి రకం, ‘కన్వర్ట్ టు’ అని మొదలయ్యేవి రెండో రకం. మీకు ముందు కావలసింది మొదటిది. అక్షరాలు సరిగా కనిపించాక, అప్పుడే, యూటీఎఫ్-8లోకి మార్చి కొత్త పేరుతో సేవ్ చేసుకోండి. ఈ రెంటినీ తారుమారు చేస్తే పిచ్చి అక్షరాలే నిజమైన అక్షరాలుగా ఫైలులో స్థిరపడతాయి.

అలా స్థిరపడినవాటిని కొన్నిసార్లు వెనక్కి తీసుకురావచ్చు. పిచ్చి అక్షరాలను మళ్లీ 1252 బైట్లుగా మార్చి, ఆ బైట్లను యూటీఎఫ్-8గా చదవాలి. పైథాన్‌లో ఇది ఒక్క వరుస పని, ‘ఎఫ్‌టీఎఫ్‌వై’ అనే లైబ్రరీ దీన్ని తనంతట తానే గుర్తుపట్టి చేస్తుంది. అయితే ఒక మెలిక ఉంది. 1252 పట్టికలో 129, 141, 143, 144, 157 అనే ఐదు బైట్లకు అక్షరం కేటాయించలేదు. కొన్ని ప్రోగ్రామ్‌లు వాటిని అలాగే మోసుకెళ్తాయి, కొన్ని పారేస్తాయి. హిరగానాలో సగానికి పైగా అక్షరాలకు యూటీఎఫ్-8లో రెండో బైటు సరిగ్గా 129. అందుకే ఒకే తప్పు జరిగినా చైనీస్ పాఠం చాలావరకు తిరిగొస్తుంది, జపనీస్ మాత్రం చిల్లులు పడిన గుడ్డలా మిగులుతుంది.

ప్రశ్నార్థకాలు అంతకంటే కఠినం. ఒక ప్రోగ్రామ్ యూనికోడ్ పాఠాన్ని ఆ అక్షరాలు లేని కోడ్‌పేజీలోకి మార్చినప్పుడు ప్రతి అక్షరానికీ బదులు 63 అనే బైటు రాస్తుంది. అది మామూలు ప్రశ్నార్థకమే. వెనుక ఏమీ దాగి ఉండదు. మూలం నుంచి మళ్లీ తెచ్చుకోవాలి, రెండోసారి అలా జరగకుండా ఎక్కడ మారిందో పట్టుకోవాలి. ఎస్‌క్యూఎల్ సర్వర్ డేటాబేస్‌లో అయితే నిలువు వరుస ‘ఎన్‌వర్‌చార్’ రకమై ఉండాలి, పాఠం ముందు ‘ఎన్’ అక్షరం పెట్టాలి. ఆ ‘ఎన్’ మరచిపోతే నిలువు వరుస రకం సరిగా ఉన్నా ప్రశ్నార్థకాలే చేరతాయి. మరో డేటాబేస్ మైఎస్‌క్యూఎల్‌లో ‘యూటీఎఫ్8’ అన్న పేరుతో ఉన్నది అక్షరానికి మూడు బైట్ల వరకే పడుతుంది. అరుదైన చైనీస్ అక్షరాలకు నాలుగు కావాలి కనుక ‘యూటీఎఫ్8ఎంబీ4’ ఎంచుకోవాలి.

నల్ల వజ్రంలో తెల్ల ప్రశ్నార్థకం దీనికి దగ్గరి బంధువు, కానీ కొంచెం మెరుగు. చదవలేని బైటు చోట అది తెరమీద చూపే గుర్తు మాత్రమే. ఫైలును సేవ్ చేయకుండా మూసేస్తే అసలు బైట్లు భద్రం. సేవ్ చేస్తే ఆ గుర్తే 239, 191, 189 అనే బైట్లుగా ఫైలులోకి వెళ్తుంది. అవి రెండేసి జంటలై జీబీకేగా మళ్లీ చదవబడినప్పుడు ‘కున్ జిన్ కావ్’ అని పలికే మూడు చైనీస్ అక్షరాలు వస్తాయి. చైనా ప్రోగ్రామర్లందరికీ ఇవి పరిచయమే. మీ చైనీస్ ఫైలులో ఈ మూడూ గుంపులు గుంపులుగా ఉంటే ఆ కాపీ మీద సమయం వెచ్చించకండి.

మీ స్ప్రెడ్‌షీట్ సంగతి ఇప్పుడు మీకే అర్థమై ఉంటుంది. సీఎస్‌వీ ఫైలు తన ఎన్‌కోడింగ్ ఏదో చెప్పదు. ఎక్సెల్‌లో దాన్ని రెండుసార్లు క్లిక్ చేసి తెరిస్తే, ఫైలు మొదట్లో 239, 187, 191 అనే గుర్తింపు బైట్లు ఉంటే తప్ప, విండోస్ కోడ్‌పేజీతో చదివేస్తుంది. అలా తెరవకండి. ఖాళీ షీటు తెరిచి, ‘డేటా’ ట్యాబ్‌లో ‘ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీ’ నొక్కి, ‘ఫైల్ ఆరిజిన్’లో 65001 ఎంచుకోండి, అదే యూటీఎఫ్-8. షిఫ్ట్-జిస్‌కు 932, జీబీకేకు 936, కొరియన్‌కు 949, బిగ్-5కు 950. సేవ్ చేసేటప్పుడు ‘సీఎస్‌వీ యూటీఎఫ్-8’ అనే రకాన్నే ఎంచుకోండి. మామూలు సీఎస్‌వీ ఎంచుకుంటే అన్నీ ప్రశ్నార్థకాలవుతాయి. లిబ్రెఆఫీస్ కాల్క్ ప్రతిసారీ తెరిచే ముందే అడుగుతుంది, ముందుగా ఎలా కనిపిస్తుందో చూపిస్తుంది. ఈ ఒక్క పనికి నేను ఎప్పుడూ దానివైపే మొగ్గుతాను.

పాత ప్రోగ్రామ్‌ల గురించి. యూనికోడ్ తెలియని ప్రోగ్రామ్ విండోస్‌ను ‘నీ కోడ్‌పేజీ ఏది’ అని అడిగి దానితోనే మెనూలు, ఫైళ్ల పేర్లు చూపిస్తుంది. కంట్రోల్ ప్యానెల్‌లో ‘రీజియన్’ తెరిచి, ‘అడ్మినిస్ట్రేటివ్’ ట్యాబ్‌లో ‘ఛేంజ్ సిస్టమ్ లోకేల్’ నొక్కి జపనీస్ పెట్టి కంప్యూటర్ పునఃప్రారంభిస్తే పాత జపనీస్ ప్రోగ్రామ్ బాగుపడుతుంది. విండోస్ మెనూల భాష మారదు, భయపడకండి. కానీ ఒకసారికి ఒక్క భాషే. అదే సమయంలో పాత చైనీస్ ప్రోగ్రామ్ చెడుతుంది. ఫోల్డర్ల దారిలో బ్యాక్‌స్లాష్ చోట యెన్ గుర్తు కనిపించినా కంగారు పడకండి, జపనీస్ ఫాంటులు ఆ స్థానంలో యెన్ బొమ్మనే చూపిస్తాయి. కొరియన్‌లో అయితే వాన్ గుర్తు. ఒక్క ప్రోగ్రామ్ కోసమే అయితే లోకేల్ ఎమ్యులేటర్ అనే ఉపకరణం వాడటం మేలు, మిగతా వ్యవస్థను ముట్టుకోదు.

ఆ ‘ఛేంజ్ సిస్టమ్ లోకేల్’ పెట్టెలోనే ‘బీటా’ అని రాసి, ప్రపంచ భాషలన్నిటికీ యూటీఎఫ్-8 వాడమనే చెక్‌బాక్స్ ఉంటుంది. ప్రతి సమస్యకూ దాన్నే మందుగా చెప్పేవారు చాలామంది ఉన్నారు. పాత జపనీస్ ప్రోగ్రామ్‌కు కావలసింది 932, అది ఇచ్చేది 65001. అంటే మీ పాత ప్రోగ్రామ్‌కు దానివల్ల మేలు జరగదు, ఇప్పటిదాకా పనిచేస్తున్న మరొకటి చెడవచ్చు. అవసరం స్పష్టంగా తెలిస్తే తప్ప దాన్ని టిక్ చేయకండి.

పాత ప్రోగ్రామ్‌లో కొన్ని పేర్ల ఫైళ్లు మాత్రమే తెరుచుకోకపోతే, ఆ పేర్లలో కతకానా ‘సో’ ఉందేమో చూడండి. షిఫ్ట్-జిస్‌లో దాని రెండో బైటు 92, అంటే బ్యాక్‌స్లాష్. జపనీస్ సంగతి తెలియని ప్రోగ్రామ్ అక్కడ ఫోల్డర్ ముగిసిందనుకుని లేని చోట వెతుకుతుంది. ఫైలు పేరు మార్చడమే దారి.

జిప్ ఫైళ్లదీ ఇదే కథ. లోపలి పేర్లు యూటీఎఫ్-8లో ఉన్నాయని చెప్పే జెండా బిట్టు ఆ ఫార్మాట్‌లో ఉంది కానీ, అది పెట్టకుండా తమ స్థానిక కోడ్‌పేజీతోనే జిప్ చేసిన ఫైళ్లు నేటికీ ఎన్నో. విప్పేటప్పుడే కోడ్‌పేజీ చెప్పాలి. సెవెన్-జిప్‌లో అదనపు పారామీటర్‌గా ‘ఎంసీపీ=932’ ఇవ్వవచ్చు; మ్యాక్, లినక్స్‌లలో ‘ఉనార్’ తనే ఊహించి విప్పుతుంది, చాలావరకు సరిగానే.

అక్షరాలన్నీ కనిపిస్తున్నా చదివేవారు ‘ఇది మా రాత కాదు’ అంటే అది వేరే సంగతి, దాన్ని తేలిగ్గా తీసుకోకండి. యూనికోడ్ చైనా, జపాన్, కొరియాలు పంచుకునే అక్షరాలకు ఒకే సంఖ్య ఇచ్చింది, రూపాన్ని ఫాంటుకు వదిలింది. ‘ఎముక’ అనే అక్షరం సంఖ్య 39592. దాని పై గడిలోని చిన్న మూల చైనా ప్రధాన భూభాగపు ఫాంటులో ఎడమవైపు ఉంటుంది, జపాన్ ఫాంటులో కుడివైపు. ‘తిన్నని’ అనే అక్షరం, 30452, జపాన్‌లో ఎడమనుంచి కిందికి దిగి వంగే గీతతో ఉంటుంది. చైనా రూపంలో ఆ గీత ఉండదు, కింద అడ్డగీత మాత్రమే. ఒక వాక్యంలో కొన్ని అక్షరాలు లావుగా, కొన్ని సన్నగా అతుకుల బొంతలా కనిపిస్తే కూడా కారణం ఇదే: జపనీస్ ఫాంటులో లేని సరళీకృత చైనీస్ అక్షరాలు వేరే ఫాంటు నుంచి వచ్చాయి.

దీనికి మందు, పాఠం ఏ భాషదో ప్రోగ్రామ్‌కు చెప్పడం. వర్డ్‌లో పాఠాన్ని ఎంచుకుని ‘ప్రూఫింగ్ లాంగ్వేజ్’ పెట్టండి. ఫాంటు పెట్టెలో ‘ఏషియన్ టెక్స్ట్ ఫాంట్’ విడిగా ఉంటుంది, లాటిన్ ఫాంటు మార్చితే అది మారదు. లిబ్రెఆఫీస్‌లో ‘ఆప్షన్స్’లోని భాషల సెట్టింగులలో ‘ఏషియన్’ భాషను ఆన్ చేస్తేనే ఆ విడి ఫాంటు గడి కనిపిస్తుంది. వెబ్ పేజీ అయితే ‘లాంగ్’ గుణంలో ‘జేఏ’, ‘కేఓ’, ‘జడ్‌హెచ్-హాన్స్’, ‘జడ్‌హెచ్-హాంట్’ రాయాలి. లినక్స్‌లో నోటో సీజేకే పెట్టగానే చైనీస్ పాఠానికి జపనీస్ రూపాలు వస్తే, ఫాంటు ఎంపికను నడిపే ఫాంట్‌కాన్ఫిగ్ సెట్టింగుల ఫైలులో మీ భాష ఫాంటును వరుసలో ముందుకు జరపాలి. ఏది ఎంపికవుతోందో ‘ఎఫ్‌సీ-మ్యాచ్’ కమాండ్ చెబుతుంది. పీడీఎఫ్ పంపేటప్పుడు ఫాంటులను తప్పకుండా లోపల పొదగండి, లేకపోతే అవతలి కంప్యూటర్ తనకు తోచిన ఫాంటు వేస్తుంది.

మ్యాక్ నుంచి వచ్చిన కొరియన్ ఫైళ్ల పేర్లు విండోస్‌లో అక్షరం అక్షరం విడిపోయి కనిపిస్తే అది ఫాంటు లోపం కాదు. హంగుల్‌లో 11,172 అక్షర గుంపులకు యూనికోడ్‌లో విడివిడి సంఖ్యలు ఉన్నాయి; అదే గుంపును హల్లు, అచ్చు ముక్కలుగా కూడా రాయవచ్చు. మ్యాక్ పాత ఫైలు వ్యవస్థ హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ పేర్లను ముక్కలుగానే దాచేది. లినక్స్‌లో ‘కన్వ్‌ఎంవీ’ కమాండ్‌కు ‘ఎన్‌ఎఫ్‌సీ’ (కలిపి రాసే రూపం) ఇస్తే ముక్కలు మళ్లీ కలుస్తాయి. ముందు అది ఏం మారుస్తుందో చూపిస్తుంది. జాబితా చూసుకుని, ‘నోటెస్ట్’ చేర్చి రెండోసారి నడిపితేనే పేర్లు నిజంగా మారతాయి.

వీటిలో ఏదీ కుదరకపోతే ప్రోగ్రామ్ పేరు, వెర్షన్, ఫైలు ఎవరు ఏ వ్యవస్థలో తయారుచేశారు, ఆ ఫైలు మొదటి ముప్పై నలభై బైట్ల విలువలు రాయండి. తెరచిత్రం ఒక్కటే పంపితే తెలిసేది తక్కువ, బైట్లుంటే పట్టిక ఏదో చెప్పడం సులువు.